గోంగూర మాంసానికి ఏ రెడ్ వైన్? నాసిక్, నంది హిల్స్, అక్లూజ్, హంపి సీసాల పోలిక

మన ఊళ్లలో ‘వైన్స్’ అని బోర్డు పెట్టిన షాపుల్లో వెతికి పట్టుకోవాల్సిన సరుకు ఏదైనా ఉందంటే అది వైనే. బ్రాందీ, విస్కీ, బీరు వరసల వెనక పై అరలో దుమ్ము పట్టిన నాలుగు సీసాలుంటే గొప్ప. హైదరాబాద్, విశాఖ లాంటి చోట్ల పెద్ద షాపులకు వెళ్తే కథ వేరు. నాసిక్‌వి, బెంగళూరు పక్కనున్న నంది హిల్స్‌వి, షోలాపూర్ జిల్లా అక్లూజ్‌వి, అదృష్టం బాగుంటే హంపి దగ్గరివి కూడా కనిపిస్తాయి. అక్కడ ఇంకో చిక్కు మొదలవుతుంది. ఏది కొనాలో తెలియదు కాబట్టి ఖరీదు చూసి కొంటాం. ‘రిజర్వ్’ (మేలు రకమని చెప్పడానికి కంపెనీలు వాడే మాట) అని రాసి ఉందా, సీసా బరువుగా ఉందా, కార్క్ ఉందా అని చూసి తెచ్చుకుని, ఆదివారం మటన్ కూరతో పెట్టుకుని, రెండు గుక్కలు తాగి, ‘ఇంత వగరేంటి బాబూ’ అని పక్కన పెట్టేస్తాం.

ఆ సీసాకూ ఆ కూరకూ పొత్తు కుదరలేదు, అంతే. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన కారం, మన పులుపు ఉన్న కూరలకు ఖరీదైన రిజర్వ్ సీసా కన్నా అదే కంపెనీ చేసే మామూలు, తేలికపాటి సీసానే చాలాసార్లు బాగా కుదురుతుంది. ఖరీదైనదాన్ని వేపుళ్లకూ కబాబ్‌కూ దాచుకోండి. ఎందుకలా అంటున్నానో, ఏ సీసా ఎక్కడ పనికొస్తుందో వివరంగా చూద్దాం.

దక్కన్ ద్రాక్ష తీరు

హైదరాబాద్‌కి ద్రాక్ష తోటలు కొత్తేమీ కాదు. అనాబ్-ఎ-షాహి అనే తెల్ల ద్రాక్ష ఈ నగరం పేరుతోనే ప్రసిద్ధి. కానీ అది తినే ద్రాక్ష. పండు పెద్దది, తోలు పలచన, లోపల నిండా రసం. రెడ్ వైన్‌కి వాడే ద్రాక్షను పట్టుకుని చూస్తే మనకు అసలు కొనబుద్ధి కాదు. పండు చిన్నది, తోలు దళసరి, గింజలు ఎక్కువ. వైన్‌కి ఎర్ర రంగు ఆ తోలు నుంచే వస్తుంది. నాలుకను పట్టేసే వగరు తోలు నుంచీ గింజల నుంచీ వస్తుంది. వైన్ వాళ్లు టానిన్ అనేది ఆ వగరు పదార్థాన్నే. రసాన్ని తోలుతో కలిపి ఎన్నాళ్లు పులియబెడితే రంగు, వగరు అంత ఎక్కువగా దిగుతాయి.

ఫ్రాన్స్‌లో, ఇటలీలో చలికాలం రాగానే తీగ ఆకు రాల్చి నిద్రపోతుంది. మన వాతావరణంలో ఆ నిద్ర ఉండదు. అందుకని ఇక్కడ ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. ఎండాకాలంలో, ఏప్రిల్ ప్రాంతంలో ఒకసారి. వానలు తగ్గాక సెప్టెంబరు, అక్టోబరుల్లో ఇంకోసారి. ఈ రెండో కత్తిరింపు తర్వాత వచ్చిన గుత్తులే వైన్‌కి వెళ్తాయి, కోత సుమారుగా జనవరి నుంచి మార్చి వరకు. పండు చలికాలపు రాత్రుల్లో ఎదిగి, ఎండలు ముదిరేలోపు తోట దాటాలి. ఎండ తొందరపడితే పండులో చక్కెర గబగబా పెరిగి పులుపు పడిపోతుంది, తోలూ గింజలూ మాత్రం పచ్చిగానే ఉండిపోతాయి. చక్కెరే ఆల్కహాల్‌గా మారుతుంది కాబట్టి అలాంటి ఏడాది వైన్ ఘాటుగా ఉంటుంది కానీ రుచి పచ్చిపచ్చిగా అనిపిస్తుంది. మన దేశపు రెడ్ వైన్ల మీద వినిపించే ఫిర్యాదుల్లో సగం ఇదే.

నాలుగు సీసాలు

ముందు నాసిక్. రాజీవ్ సామంత్ 1990ల చివర్లో గంగాపూర్ డ్యామ్ దగ్గర సులా తోట వేశాక, ఆ జిల్లా మన దేశంలో వైన్‌కి మారుపేరైంది. ‘నాసిక్ వ్యాలీ వైన్’కు జీఐ గుర్తింపు, అంటే ఆ ప్రాంతపు సరుకుకే ఆ పేరు చెల్లేలా ఇచ్చే గుర్తింపు, కూడా ఉంది. ఇక్కడి సీసాల్లో పోలికకు తీసుకుంటున్నది సులా వారి దిండోరి రిజర్వ్ షిరాజ్. దిండోరి అనేది నాసిక్ పక్క తాలూకా. గ్లాసులో పోసి తెల్ల కాగితం మీద వంచి చూస్తే అంచు దాకా ముదురు ఊదా రంగు, అల్లనేరేడు పండు తిన్న నాలుక రంగు. ఓక్ చెక్క పీపాల్లో ఉంచడం వల్ల వెనీలా, కొద్దిగా పొగ వాసన. ఆ వెనకాలే మిరియాల వాసన తగులుతుంది. ఇది మన ఊహ కాదు. షిరాజ్ ద్రాక్ష తోలులో రోటండోన్ అనే పదార్థం ఉంటుంది, నల్ల మిరియాలకు ఆ వాసన ఇచ్చేదీ అదే. 2008లో ఆస్ట్రేలియా పరిశోధకులు దాన్ని పట్టుకున్నారు. ఈ సంగతి కింద వేపుళ్ల దగ్గర పనికొస్తుంది.

రెండోది నంది హిల్స్. నాసిక్‌కి ఇంత పేరు రాకముందే, 1988లో కన్వల్ గ్రోవర్ ఇక్కడ, దొడ్డబళ్లాపూర్ వైపు తోటలతో కంపెనీ మొదలుపెట్టారు. తర్వాత ఫ్రాన్స్‌లో బోర్డో ప్రాంతానికి చెందిన మిషెల్ రోలాన్ సలహాదారుగా వచ్చారు. 2012లో జంపా వైన్లు చేసే నాసిక్ కంపెనీతో కలిసి గ్రోవర్ జంపా అయింది. వీళ్ల లా రిజర్వ్‌లో కాబర్నే సోవిన్యోన్, షిరాజ్ అనే ద్రాక్షలు రెండూ కలుస్తాయి. ఎత్తైన నేల, చల్లటి రాత్రులు కాబట్టి దిండోరి కన్నా కాస్త నిదానంగా ఉంటుంది. కాబర్నే ఉన్నచోట ఒక ఆకుపచ్చ వాసన వస్తుంది, పచ్చి క్యాప్సికం కోసినప్పుడు వచ్చేది. కొందరికి అది చిరాకు. నాకైతే కొద్దిగా ఉంటేనే ఇష్టం, పుదీనా, కొత్తిమీర వేసిన వంటకాలతో అది బాగా కలుస్తుంది.

మూడోది అక్లూజ్. ఇక్కడే కాసేపు ఆగుతాను, ఎందుకంటే తెలుగు వంటింటికి దగ్గరైన సీసా ఇక్కడిదే అని నా వాదన. ఫ్రాటెల్లి కంపెనీని మూడు కుటుంబాల అన్నదమ్ములు కలిసి పెట్టారు. అక్లూజ్ మోహితే-పాటిల్‌లు, సెఖ్రీలు, ఇటలీ నుంచి సెక్కీలు. వైన్ తయారుచేసింది టస్కనీకి చెందిన పియెరో మాసి. ఆయనతో పాటు ఇటలీ ద్రాక్ష సాంజోవేజే కూడా వచ్చింది, కియాంటి వైన్‌కి మూలమైన ద్రాక్ష అదే. ఈ రకానికి పుట్టుకతోనే పులుపు ఎక్కువ, రంగు తక్కువ. గ్లాసు వంచితే అవతలి వేళ్లు కనిపించేంత పలచని ఎరుపు. వాసనలో పుల్లటి చెర్రీ, ఎండిన టమాటా, కొద్దిగా ఎండు ఆకు. ఇందులో రెండు సీసాలు దొరుకుతాయి. ఒకటి మామూలు సాంజోవేజే. రెండోది సెట్టే, అంటే సాంజోవేజేలో కాబర్నే కలిపి ఓక్‌లో ఉంచినది, దాని ఖరీదు ఎక్కువ. పేరు సెట్టేకే వచ్చింది. అయినా నేను ఎక్కువగా కొనమనేది మొదటిదాన్నే.

నాలుగోది క్రస్మా, కర్ణాటకలో కొప్పళ జిల్లా హంపి హిల్స్. దీనికి మన ఊరితో సంబంధం ఉంది. గ్రాన్యూల్స్ ఇండియా అనే మందుల కంపెనీ నడిపే హైదరాబాద్ దంపతులు చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ వేసిన తోట అది. బండరాళ్ల నేల, మండే ఎండ, తక్కువ దిగుబడి. అక్కడి కాబర్నే సోవిన్యోన్ ఈ నాలుగింటిలో బరువైనది, వగరూ ఎక్కువే, సాధారణంగా ధర కూడా ఎక్కువే. చిన్న తయారీ కాబట్టి ప్రతి షాపులో ఉండదు. మంచి వైన్ అనడంలో నాకు సందేహం లేదు. పులుసు కూరతో పెట్టుకుంటే మాత్రం డబ్బు వృథా.

బెంగళూరు వైపు బిగ్ బనియన్, నాసిక్ వైపు యార్క్, చరోసా, రెవైలో లాంటివి కూడా ఉన్నాయి. చరోసా వాళ్లు స్పెయిన్ ద్రాక్ష టెంప్రానీయోతో చేసేది, రెవైలో వాళ్లు సిసిలీ ద్రాక్ష నేరో దావోలాతో చేసేది కనిపిస్తే వదలకండి. కానీ పోలిక సాగదీయకుండా పై నాలుగింటితోనే నడుపుతాను.

నోట్లో జరిగేదేమిటి

మిరపకాయలోని క్యాప్సైసిన్ మన నోట్లో వేడిని కనిపెట్టే నరాలను తట్టి లేపుతుంది. నిజంగా వేడేమీ లేకపోయినా నోరు మండుతున్నట్టు మెదడుకు కబురు వెళ్తుంది. ఆల్కహాల్ కూడా అవే నరాలను రెచ్చగొడుతుంది. అందుకే కారపు ముద్ద తిని ఘాటైన వైన్ తాగితే మంట ఆరదు, ఎగదోసినట్టవుతుంది. లేబుల్ మీద ఆల్కహాల్ శాతం చిన్న అక్షరాల్లో ఉంటుంది. మన రెడ్ వైన్లు ఎక్కువగా 12 నుంచి 14 మధ్య ఉంటాయి. కారం కూరకు కొంటున్నప్పుడు 12, 12.5 వైపు చూడండి. ఒకటిన్నర శాతమే కదా అనిపిస్తుంది, కానీ గుంటూరు కారం పడ్డ నాలుకకు ఆ తేడా తెలుస్తుంది.

వగరు సంగతి ఇంకొకటి. టానిన్ మన లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకుని ముద్ద కట్టిస్తుంది, అందుకే చిగుళ్లు బిగుసుకున్నట్టు, నాలుక గరుకెక్కినట్టు అవుతుంది. పక్కన మాంసం, నెయ్యి, ఉప్పు ఉంటే టానిన్ వాటితో సర్దుకుంటుంది, వైన్ మెత్తబడుతుంది. పక్కన కారం ఉంటే మండుతున్న నాలుక మీద ఈ వగరు గీసుకుపోతుంది.

ఇక పులుపు. మన వంటకు అసలు పరీక్ష ఇదే, వైన్ గురించి రాసేవాళ్లు కారం మీద పెట్టినంత దృష్టి దీని మీద పెట్టరు. కూరలో పులుపు వైన్‌లో పులుపు కన్నా ఎక్కువైతే, వైన్‌లోని పులుపు నాలుకకు అందదు. పులుపు పోయిన వైన్‌లో మిగిలేది ఆల్కహాల్, వగరు, చప్పిడి పండు రుచి. అదే వైన్ కూడా పుల్లగా ఉంటే రెండూ సర్దుకుని, పండు వాసన పైకొస్తుంది. ఇక్కడో చిన్న విశేషం. చింతపండుకి ఆ పులుపు ఇచ్చేది ప్రధానంగా టార్టారిక్ ఆమ్లం. ద్రాక్షలోని ముఖ్యమైన ఆమ్లం కూడా అదే. చింతపండు పులుసుకూ వైన్‌కూ పడదు అని కొట్టిపారేసేవాళ్లకు నేను చెప్పే జవాబు ఇదే. రెండింటి పులుపుకూ మూలం ఒకటే, సమఉజ్జీలను వెతికి కలపాలి, అంతే.

కూర కూరకీ సీసా

గోంగూర మాంసంతో దిండోరి షిరాజ్ పెట్టుకుని చూడండి. మొదటి గుక్క విడిగా తాగితే బాగుంటుంది, పండు, వెనీలా, మిరియం అన్నీ వస్తాయి. ఇప్పుడు ఒక ముద్ద తినండి, గోంగూర పులుపు నాలుక పక్కల పట్టుకున్నప్పుడే రెండో గుక్క తాగండి. పండు మాయం. వెనీలా మాత్రం ఒంటరిగా, గోంగూర పక్కన ఏదో కేకు పెట్టినట్టు తేలుతుంది. చివర్లో చేదు. అదే ముద్ద తర్వాత కాస్త చల్లబరిచిన అక్లూజ్ సాంజోవేజే తాగితే పులుపుకు పులుపు సరిపోయి, చెర్రీ రుచి నిలబడుతుంది, మాంసం కొవ్వు కడిగినట్టు పోయి మళ్లీ ముద్ద కలపాలనిపిస్తుంది. ఈ ఒక్క ప్రయోగం చేస్తే ఈ వ్యాసంలో మిగతాదంతా మీరే ఊహించగలరు. కూర మీద కాస్త నెయ్యి వేసుకుంటే ఇంకా కుదురుతుంది. ఎండుమిరపకాయలు నాలుగు తగ్గిస్తే మరీ మంచిది, కానీ వైన్ కోసం గోంగూర మాంసంలో కారం తగ్గించమని నేను ఎవరికీ చెప్పను.

నాటుకోడి పులుసు, రాగి సంగటి కూడా ఇదే దారి. సంగటి ముద్ద కారాన్ని కాస్త మింగేస్తుంది కాబట్టి ఇక్కడ వైన్‌కి ఊపిరాడుతుంది. సాంజోవేజే దొరక్కపోతే నాసిక్‌లో ఓక్ తగలని మామూలు షిరాజ్ గానీ, జిన్‌ఫాండెల్ అనే ద్రాక్షతో చేసింది గానీ తీసుకుని బాగా చల్లబరచండి. చల్లదనం కారాన్ని అణుస్తుంది, కొంచెం తియ్యగా అనిపించే పండు రుచి మిగతా పని చేస్తుంది.

మిరియాల కోడి వేపుడు, మటన్ వేపుడు వచ్చేసరికి ఆట తిరగబడుతుంది. పులుపు లేదు, నూనె, ఉప్పు, మాడీ మాడనట్టు వేగిన అంచులు, పైన దంచిన మిరియాలు. దిండోరి షిరాజ్‌కి ఇంతకన్నా మంచి జోడీ నాకు తెలియదు. పైన చెప్పిన రోటండోన్ పళ్లెంలోనూ ఉంది, గ్లాసులోనూ ఉంది. ఒక్క షరతు, ఘాటు మిరియాలదై ఉండాలి, ఎండు కారం గుమ్మరించి పేరుకు మిరియాలు చల్లినది కాకూడదు. నిమ్మకాయ పిండుకునే అలవాటుంటే ఈ ఒక్కసారికి ఆపుకోండి.

హైదరాబాదీ దమ్ బిర్యానీకి నా ఓటు నంది హిల్స్ లా రిజర్వ్‌కి. బిర్యానీలో కారం ఉన్నా పులుపు పెరుగు నుంచి వచ్చిన మెత్తటి పులుపు. నెయ్యి, వేయించిన ఉల్లిపాయ తీపి, పుదీనా ఉన్నాయి. లా రిజర్వ్‌లోని ఆ ఆకుపచ్చ వాసన పుదీనాతో జత కడుతుంది. చెడగొట్టేది పక్కన పోసే మిర్చీ కా సాలన్. చింతపండు, నువ్వులు, పల్లీలు, పచ్చిమిర్చి అన్నీ ఒకేసారి వచ్చి పడతాయి. పెరుగు చట్నీతో సరిపెట్టుకోండి, సాలన్ కావాలంటే గ్లాసు పక్కన పెట్టి తినండి.

క్రస్మా కాబర్నే తెరవాల్సింది పత్తర్ కా గోష్త్ లాంటి కాల్చిన మాంసానికి, సీఖ్ కబాబ్‌కి. మాంసం, కొవ్వు, పొగ. గ్రేవీ లేదు. ఆ వగరుకు పట్టుకోడానికి కావాల్సినంత ప్రోటీన్ ఉంటుంది. తాగడానికి గంట ముందే మూత తీసి, వీలైతే వెడల్పాటి గాజు కూజాలోకి వంచి ఉంచితే బిగుసుకున్న వైన్ కాస్త వదులవుతుంది.

శాకాహారులకు రెడ్ వైన్ కుదరదనే మాట పట్టించుకోకండి. గుత్తివంకాయలో పల్లీ, నువ్వు, కొబ్బరి ముద్ద ఇచ్చే కమ్మదనానికి సెట్టే బాగుంటుంది, చింతపండు మరీ దట్టించకపోతే. పుట్టగొడుగుల వేపుడుకి షిరాజ్. పనీర్ టిక్కాకి లా రిజర్వ్. ఇంట్లో రోజూ చేసుకునే పప్పు, చారు, కూరల భోజనానికి మాత్రం ఏ రెడ్ వైనూ వద్దు, ఆ భోజనానికి మజ్జిగ ఉంది.

చేపల పులుసు, రొయ్యల ఇగురు దగ్గర కూడా రెడ్ ఆపేయండి. చేప నూనెలకు రెడ్ వైన్‌లో ఎక్కువగా ఉండే ఇనుము తగిలితే నీచు వాసన రెట్టింపవుతుంది. గోదావరి పులసకు అంత ఖర్చు పెట్టి, దాని మీద రెడ్ వైన్ పోసి పాడుచేసుకోకండి. నాసిక్ షెనిన్ బ్లాంక్, సోవిన్యోన్ బ్లాంక్ లాంటి తెల్లవి చూసుకోవచ్చు. ఆవకాయకు అసలు ఏ వైనూ నిలవదు. ఆవపిండి, ఉప్పు, పులుపు, కారం, నూనె, అన్నీ గరిష్ఠ స్థాయిలో. కబాబ్‌ల పక్కన ఆవకాయ నంజుకునే మహానుభావులు నాకు తెలుసు, వాళ్లకు నా దగ్గర సలహా లేదు. గులాబ్ జామూన్, డబుల్ కా మీఠా లాంటివీ అంతే. తీపి తిన్న నోటికి తీపి లేని రెడ్ వైన్ చేదు కషాయమే.

కొనేటప్పుడు, పోసేటప్పుడు

షాపులో మొదట చూడాల్సింది సీసా ఎక్కడుందని. ఎండ తగిలే అద్దాల పక్కన, ట్యూబ్‌లైటు కింద, ఏసీ లేని గదిలో రెండు వేసవులు గడిపిన సీసాలో వైన్ ఉడికిపోయి ఉంటుంది. తెరిస్తే జామ్ వాసన, ఎండు ద్రాక్ష వాసన వస్తాయి, రంగు ఇటుక వైపు తిరుగుతుంది. లేబుల్ మీద కోత సంవత్సరం చూడండి. మామూలు సాంజోవేజే, మామూలు షిరాజ్ లాంటివి రెండు మూడేళ్లలోపువి తీసుకోవడం క్షేమం. ‘పాత వైన్ మంచిది’ అనే మాట వీటికి వర్తించదు. రిజర్వ్‌లు, సెట్టే, క్రస్మా లాంటివి ఇంకొన్నేళ్లు ఆగగలవు, కానీ చల్లటి చోట ఉంచితేనే. మర మూత ఉంటే తక్కువ రకం అనుకోవద్దు. కార్క్ చెడి తడి అట్టపెట్టె వాసన వచ్చే బెడద దానితో ఉండదు.

నాసిక్ గానీ, నంది హిల్స్ గానీ చూడ్డానికి వెళ్లి అక్కడే రుచి చూసి కొనడం మంచి పద్ధతే, ధర కూడా మన దగ్గర కన్నా తక్కువ పడొచ్చు. అయితే రాష్ట్రం దాటించేముందు రెండు రాష్ట్రాల ఎక్సైజ్ నియమాలు చూసుకోండి, చెక్‌పోస్టు దగ్గర టెన్షన్ పడాల్సిన పని లేకుండా. మన రెండు రాష్ట్రాల్లోనూ 21 ఏళ్లు నిండనివాళ్లకు మద్యం అమ్మకూడదన్నది ఎలాగూ తెలిసిందే.

ఉష్ణోగ్రత దగ్గర చాలామంది దెబ్బతింటారు. రెడ్ వైన్‌ను గది వేడిలోనే తాగాలి అనే నియమం చలి దేశాల్లో పుట్టింది. వాళ్ల లెక్కలో ఆ గది 16 నుంచి 18 డిగ్రీలు. మన గది మే నెలలో 35. ఆ వేడిలో పోస్తే ముక్కుకు ముందు స్పిరిట్ తగులుతుంది, తర్వాతే ఏదైనా. అర గంట ఫ్రిజ్‌లో పెడితే సరిపోదు, సీసా అంత త్వరగా చల్లబడదు. బరువైన వైన్లను గంటకు పైగా, సాంజోవేజే లాంటి తేలికవాటిని రెండు గంటల దాకా ఉంచండి. తొందరైతే బకెట్‌లో ఐసు, నీళ్లు రెండూ పోసి మెడదాకా ముంచండి, పది పదిహేను నిమిషాలు చాలు. గ్లాసులో ఐసు వేయకండి, అంతకన్నా సీసాను ఇంకాసేపు ముంచడం మేలు.

గ్లాసులో మూడో వంతుకు మించి పోయొద్దు, తిప్పితే వాసన లేవడానికి చోటుండాలి. తిప్పే ముందొకసారి, తిప్పాక ఒకసారి వాసన చూడండి. గ్లాసు గోడల మీద జారే ధారలు చూసి ‘ఆహా, మంచి వైన్’ అనేవాళ్లు ఉంటారు. అవి ఆల్కహాల్, కొంతవరకు చక్కెర ఎంతున్నాయో చెప్తాయి, మంచి చెడ్డలు చెప్పవు. గుక్కను వెంటనే మింగకుండా నోరంతా తిప్పండి. నాలుక పక్కల నీళ్లూరితే పులుపు, చిగుళ్లు బిగిస్తే వగరు, గొంతు దిగువన వేడి తగిలితే ఆల్కహాల్. ఈ మూడూ విడివిడిగా గుర్తుపట్టగలిగితే చాలు, ‘దేవదారు చెక్క, పొగాకు ఆకు’ అంటూ లేబుల్ వెనక రాసే వర్ణనలు పట్టుకుని వేలాడాల్సిన అవసరం లేదు.

నలుగురు కూడినప్పుడు రెండు సీసాలకు న్యూస్‌పేపరు చుట్టి, అంకెలు వేసి, ఒకే కూరతో రుచి చూపించండి. ముందు వైన్ ఒక్కటే, తర్వాత ముద్ద తిని. ఎవరికి ఏది నచ్చిందో రాసుకున్నాకే కాగితం విప్పండి. విడిగా తాగినప్పుడు గెలిచిన సీసా, కూర వచ్చాక ఓడిపోవడం చూస్తే ఖరీదు మీద మోజు దానంతటదే తగ్గుతుంది. తేలికదాన్ని ముందు పోయాలి, బరువైనది ముందు వస్తే తర్వాతది నీళ్లలా అనిపిస్తుంది.

అమెరికాలో, ఇంగ్లాండ్‌లో ఉన్న మనవాళ్లకు ఈ సీసాలు దొరకడం కష్టం, లెక్క మాత్రం అదే. అక్లూజ్ సాంజోవేజే బదులు మామూలు కియాంటి, లేదా ఫ్రాన్స్ బోజొలే తీసుకోండి. గమే ద్రాక్షతో చేసే బోజొలేలో వగరు చాలా తక్కువ, చల్లగా తాగడానికి వీలైనది. వేపుళ్లకు ఫ్రాన్స్‌లోనే ఉత్తర రోన్ ప్రాంతపు సిరా, అది షిరాజ్‌కే ఇంకో పేరు. కాలిఫోర్నియాలో ఉంటే జిన్‌ఫాండెల్ మీదకు మనసు పోతుంది. పండు రుచి బాగుంటుంది కానీ అక్కడి జిన్‌ఫాండెల్‌లో ఆల్కహాల్ 15 శాతం దాకా ఉండటం మామూలే. నాటుకోడి పులుసుతో పెట్టుకునే ముందు లేబుల్ చూడండి.

మిగిలిన సీసాకు మూత బిగించి, నిలబెట్టి, ఫ్రిజ్‌లో పెట్టండి. రెండు మూడు రోజుల వరకు పర్వాలేదు, వగరు ఎక్కువున్నవి మరో రోజు ఆగుతాయి. ఆపైన పుల్లబడితే పారబోయకుండా మటన్ వేయించేటప్పుడు, మసాలా వేగి నూనె తేలాక, అర గ్లాసు పోసి ఇగరనివ్వండి. ఆరోజు చింతపండు కాస్త తగ్గించుకోవాలి.